వేళ్ళలోని చుట్టములు

విద్యార్థులారా! నేను తెలుగు పండితుడను. ముప్పది యైదేండ్లు పాఠశాలలలో పద్యములు వల్లె వేయించి, సంధులు విడదీయించి, కడపట ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందినవాడను. ఇట్టివాడు మొక్కల వేళ్ళను గూర్చియు, వానియందు వసించు సూక్ష్మజీవులను గూర్చియు వ్రాయుటేమని మీకు వింతగా తోచవచ్చును. దానికి కారణము కలదు. నేనొకప్పుడు మీ యీడు బాలుని నిండు తరగతిలో నవ్వులపాలు చేసితిని. ఏ అహంకారము చేత ఆ పని చేసితినో, ఆ అహంకారమే నా తమ్ముని పంటకు చేటు తెచ్చెను. ఆ కథ చెప్పినగాని నా మనసు తేలికపడదు. అది చెప్పవలెనన్నచో ఈ సూక్ష్మజీవుల కథయు చెప్పక తప్పదు.

మాది నిజామాబాదు జిల్లాలోని ఒక చిన్న పల్లె. నా బాల్యమున మాకు మూడెకరముల చెలక యుండెను. అందు మా నాయన ఒక యేడు వేరుశనగయు, మరుసటి యేడు జొన్నయు వేసెడివాడు. వేరుశనగను మావైపు పల్లి యందురు. పల్లి పీకెడి దినములలో బడికి సెలవు దొరకినచో మా అన్నదమ్ములకు పండుగయే. పెద్దలు చెట్లు పెరికి కుప్పలు వేయుచుండగా మేము వాని చుట్టును కూర్చుండి కాయలు తెంపెడివారము. తెంపినవి తట్టలో పడుటకంటె మా నోటిలో పడుటయే యెక్కువ.

ఒకనాడు నేనొక చెట్టును తలక్రిందులుగా పట్టుకొని చూచితిని. వేళ్ళ పొడవునను ఆవగింజలంత, మిరియపు గింజలంత గుండ్రని బుడిపెలు కనబడెను. కాయలు కావు, మట్టి ముద్దలును కావు. నేను బెదరి, "అమ్మా! ఈ చెట్టుకు కురుపులు లేచినవి" అని కేక వేసితిని. మా అమ్మ చెట్టును చేతిలోనికి తీసికొని నవ్వి, "రోగము కాదు బిడ్డా! ఇది చెట్టు దాచుకొన్న ముల్లె. ఈ గుండ్లు ఎన్ని యున్న చేనికి అంత బలము. వచ్చే యేడు జొన్న ఎట్లు వచ్చునో చూడు" అని చెప్పెను. మా అమ్మకు అక్షరములు రావు. ఆ ముల్లెలో నేమున్నదో ఆమె యెరుగదు. కాని దాని వలన కలుగు ఫలము నెరుగును. నేనో, తరువాత అక్షరములు నేర్చితిని గాని ఆ ముల్లె విప్పి చూడవలెనన్న కోరిక మాత్రము మరచితిని.

కాలము గడచెను. నేను పండితుడనైతిని. నా తమ్ముడు సేద్యమునందే నిలిచెను. 1998వ సంవత్సరమున మా ఊరిలో సోయా చిక్కుడును గూర్చిన మాట వినవచ్చెను. అది చీనా దేశమున పుట్టిన పంట. నూనెకును, పశువుల దాణాకును దానిని కొనెడివారు పెరుగుచుండిరి. నా తమ్ముడు రెండెకరములలో దానిని వేయ నిశ్చయించి, "అన్నా! విత్తనమునకు పట్టించెడి రైజోబియం పొడి ఏదో కలదట. పట్టణమునకు పోయినప్పుడు తెచ్చిపెట్టుము" అని నన్ను కోరెను.

ఆ వారమే మా తరగతిలో వ్యవసాయమును గూర్చిన పాఠము వచ్చెను. నేను సందర్భము దొరకెను గదా యని, "పప్పుజాతి మొక్కలన్నియు గాలిలోని నత్రజనిని గ్రహించి తమ యెరువును తామే చేసికొనును. వానిని ఏ నేలలో వేసినను చింత లేదు" అని గంభీరముగా చెప్పితిని. అప్పుడు వెనుక బల్లనుండి యొక బాలుడు లేచెను. అతని తలిదండ్రులు సరిహద్దునకు ఆవల, నాందేడు ప్రాంతమునుండి వచ్చి మా ఊరిలో పాలునకు సేద్యము చేయుచుండిరి. అతడు మెల్లగా, "సార్! సోయా వేయుటకు మా బాపు పాత ఊరి చేనినుండి రెండు సంచుల మట్టి తెచ్చినాడు. ఆ మట్టి చల్లకున్న కొత్త నేలలో సోయా ఎదగదని చెప్పినాడు" అనెను.

నేనేమి చేయవలసియుండెను? ఎందుకని అడుగవలసియుండెను. అడుగలేదు. "ఓహో! మన ఊరిలో మట్టికి కూడ కరువు వచ్చెనన్నమాట. రేపు గాలిని కూడ సంచులలో మోసికొని వత్తురు కాబోలు" అంటిని. తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. ఆ బాలుడు తలవంచుకొని కూర్చుండెను. ఆ సంవత్సరమున అతడు మరల నన్నొక ప్రశ్నయైన అడుగలేదు.

మరునాడు నేను పట్టణమున విత్తనముల దుకాణమునకు పోయితిని. సోయాకు తగిన పొడి అయిపోయెననియు, పెసరకును మినుమునకును పట్టించెడిది మాత్రమే యున్నదనియు దుకాణదారుడు చెప్పెను. అది సోయాకు పనికిరాదేమో అని అతడు సందేహించెను కూడ. "పెసరయు పప్పుజాతియే, సోయాయు పప్పుజాతియే. ఇందు భేదమేమి?" అని నేను వాదించి ఆ పొట్లములనే కొనితిని. బెల్లపు నీళ్ళలో ఆ పొడిని కలిపి, విత్తనములకు పట్టించి, నీడన ఆరబెట్టి, ఆనాడే విత్తితిమి. అన్నియు శాస్త్రోక్తముగా చేసితిమి. చేరవలసిన చుట్టమును మాత్రము పిలువలేదు.

నలువది దినములు గడచెను. వానలు బాగుగనే కురిసెను. అయినను పైరు పాలిపోయి, క్రింది యాకులు పసుపు రంగునకు తిరిగెను. తమ్ముడు ఏమియు అనలేదు. ప్రతి సాయంకాలమును గట్టు మీద నిలిచి చేను చూచి యింటికి వచ్చెడివాడు. అతని మౌనమే నన్ను బాధించెను. కడకు వ్యవసాయ శాఖలో పని చేయు నొక అధికారిని బ్రతిమాలి చేనికి తీసికొని వచ్చితిని.

ఆయన మొక్కను పట్టి లాగలేదు. లాగినచో బుడిపెలు తెగి నేలలోనే మిగిలిపోవునని చెప్పి, పారతో చుట్టును త్రవ్వి, వేళ్ళను నీటిలో కడిగి చూపెను. సోయా వేళ్ళకు ఒకటి రెండు బుడిపెలు మాత్రమే యున్నవి. గోటితో చీల్చి చూడగా లోపల తెల్లగా నుండెను. పిమ్మట గట్టు ప్రక్కన మేము నాలుగు సాళ్ళు వేసిన పెసర మొక్కను త్రవ్వెను. దాని వేళ్ళనిండ బుడిపెలే! చీల్చగా లోపల నెత్తురు చాయ కనబడెను. ఆ రెండు మొక్కలకును నడుమ మూడడుగుల దూరమైన లేదు. నేల యొకటే, వాన యొకటే, పట్టించిన పొడియు ఒకటే. ఒకదానికి విందు, రెండవదానికి పస్తు.

"ఊరంతా చుట్టాలే, ఉట్టికట్ట తావు లేదు" అని మన పెద్దలు చెప్పిన సామెత ఆ నిమిషమున నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ చేనిలో సూక్ష్మజీవులు కోట్లకొలది కలవు. కాని వానిలో సోయాకు చుట్టమైనది లేదు.

ఆనాడు ఆ యధికారి చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి మీకు చెప్పెదను.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. ఒక యెకరము నేలపై నిలిచిన గాలిలో 30,000 టన్నులకు మించిన నత్రజని కలదు. అయినను మొక్క దానిని ముట్టలేదు. నత్రజని పరమాణువులు రెండేసి జంటగా కూడి, మూడు బంధములతో గట్టిగా ముడిపడి యుండును. ఆ ముడిని విప్పి ఎరువు చేయుటకు కర్మాగారములలో 400 డిగ్రీలకు మించిన వేడిమియు, మన చుట్టునున్న గాలి యొత్తిడికి సుమారు 200 రెట్ల యొత్తిడియు వాడుదురు. జర్మనీ దేశమున 1913లో అట్టి మొదటి కర్మాగారము పని మొదలిడెను. ఆ పనినే కంటికి కానరాని జీవులు చేని మట్టిలో, చల్లని నేలలో, సద్దు లేక చేయుచున్నవి. ఇనుమును మాలిబ్డినమును గల నైట్రోజినేజు అను ఎంజైము వాని పనిముట్టు.

ఈ రహస్యమును నిరూపించినవారు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు. వారు కుండలలో ఇసుక నింపి బఠాణీలను పెంచిరి. ఇసుకను కాల్చి శుద్ధి చేసి, నత్రజని యెరువు వేయకున్న బఠాణీలు ఆకలితో క్షీణించెను. అట్టి కుండలోనే చేని మట్టిని కలిపి తేర్చిన నీటిని కొంచెము పోయగా అవి తేరుకొని పచ్చగా పెరిగెను. 1886లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. బఠాణీకి మేలు చేసిన ఆ మట్టినీరే లుపిన్ అను మరియొక పప్పుజాతి మొక్కకు పనిచేయలేదు. లుపిన్ పెరిగిన ఇసుక నేల మట్టి కావలసివచ్చెను. ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమనెను. నా తరగతిలోని బాలుడు చెప్పినదియు ఇదియే గదా! అతని తండ్రి యే పుస్తకమును చూడక, తన యనుభవము చేతనే, రెండు సంచుల మట్టిలో సోయా చుట్టములను మోసికొని వచ్చెను.

1888లో బైజరింక్ అను హాలెండు శాస్త్రజ్ఞుడు బుడిపెలనుండి ఆ జీవులను వేరుచేసి పెంచెను. 1889లో ఫ్రాంక్ అను నతడు వానికి రైజోబియం అని పేరిడెను. గ్రీకు భాషలో 'రైజా' యనగా వేరు, 'బియోస్' అనగా జీవము. 'వేరునందలి జీవము' అని యర్థము. భాషోపాధ్యాయుడనగుటచే ఈ పేరు నాకెంతయు నచ్చినది.

మరి యేది యెవరికి చుట్టమో ఆ చీకటి మట్టిలో ఎట్లు తెలియును? మొదటి పిలుపు మొక్కదే. అది తన వేళ్ళనుండి కొన్ని పదార్థములను మట్టిలోనికి స్రవించును. తగిన జీవి ఆ పిలుపును గ్రహించి, తానును ఒక పదార్థముతో బదులు పలుకును. ఒక్కొక్క జాతి బదులునకు ఒక్కొక్క రూపు. అది మొక్కకు తెలిసిన బదులైనచో వేరునకున్న నూగు వంకర తిరిగి ఆ జీవిని చుట్టుకొనును. పిదప సన్నని దారము వంటి మార్గమేర్పడి, జీవులను వేరు లోపలికి కొనిపోవును. అచ్చట బుడిపె పుట్టును. పలుకు తెలియనిచో తలుపు తెరువబడదు. మేము పట్టించిన పెసర చుట్టములు సోయా వాకిట నిలిచి పరభాష పలికినవన్నమాట.

అన్ని యిండ్లకును త్రోవ ఒకటే కాదు. మా అమ్మ చేతిలోని పల్లి వేళ్ళలో అట్టి దారపు మార్గము లేదు. పెద్ద వేరునుండి పిల్లవేరు చీల్చుకొని వచ్చు చోట నేర్పడు సందునుండి జీవులు ప్రవేశించును. అందుచేతనే పల్లి బుడిపెలు పిల్లవేళ్ళ మొదళ్ళయందు కనబడును.

లోపల చేరిన చుట్టమునకు మొక్క చక్కెరల రూపమున ఆహారమిచ్చును. చుట్టము మొక్కకు నత్రజని నిచ్చును. కాని యిందొక చిక్కు కలదు. ఆ జీవి బ్రతుకుటకు ప్రాణవాయువు కావలెను. దాని పనిముట్టైన ఎంజైము మాత్రము ప్రాణవాయువు తగిలిన చెడిపోవును. ఈ చిక్కును విడదీయుటకే బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అను ఎర్రని పదార్థ మేర్పడును. అది మన నెత్తురులోని ఎర్రదనమునకు చుట్టమే. అది ప్రాణవాయువును పట్టియుంచి, జీవికి కావలసినంత మాత్రమే కొలిచి యిచ్చును. బుడిపె లోపల ఎర్రగా నున్న పని సాగుచున్నదనియు, తెల్లగా నున్న పని లేదనియు ఇందుచేతనే చెప్పుదురు.

ఈ చుట్టముల వంశావళి నానాటికి పెరుగుచున్నది. మొదట అన్నింటిని రైజోబియం అను నొక్క పేరనే పిలిచిరి. ఏ మొక్కతో కూడునో దానినిబట్టి గుంపులుగా విభజించిరి. మన పెసర, మినుము, అలసంద, కంది, పల్లి యనునవి చాలవరకు ఒకే గుంపు జీవులతో పొత్తు కలుపును. ఆ జీవులు మన నేలలలో విరివిగా నున్నవి. అందుచేతనే మా నాయనకు పొడి పట్టించు నవసరము కలుగలేదు. నిదానముగా పెరుగు జీవులను 1982లో జోర్డన్ అను శాస్త్రజ్ఞుడు వేరుచేసి బ్రాడీరైజోబియం అనెను. 'బ్రాడీ' యనగా మందగతి. సోయాతో కూడు ముఖ్యమైన జీవి బ్రాడీరైజోబియం జపానికం. శనగకు కావలసినది మరియొకటి. అది మీసోరైజోబియం కుటుంబములోనిది. ఆఫ్రికాలోని ఒక జాతి జీలుగునకు వేళ్ళకే కాక కాండమునకు కూడ బుడిపెలు కలుగును. అందలి జీవికి 1988లో ఎజోరైజోబియం అని పేరు పెట్టిరి.

అంతటితో తీరలేదు. 2001లో మరియొక వింత తెలియవచ్చెను. రైజోబియములకు చాల దూరపు వర్గమునకు చెందిన కొన్ని బాక్టీరియాలు సైతము పప్పుజాతి వేళ్ళలో బుడిపెలు కట్టుచున్నవని తేలెను. ముట్టుకొన్న ముడుచుకొనెడి అత్తిపత్తి మీరెరుగుదురు గదా! దాని వేళ్ళలో కాపురముండు కుప్రియావిడస్ తైవానెన్సిస్ అట్టిదే. పెండ్లి బాసికములకు వాడెడి బెండు ఏ వర్గపు మొక్కనుండి వచ్చునో, ఆ వర్గములోని కొన్ని మొక్కలతో కూడు జీవులు పైన చెప్పిన బదులు పలుకకయే లోపలికి చేరగలవని 2007లో తెలిసెను. న్యూజిలాండు దేశమున నొకచోట నేలలో లేని చుట్టమును తెచ్చి వేయగా, కొన్ని యేండ్లకు అది బుడిపె కట్టు విద్యకు సంబంధించిన జన్యువులను అచ్చటి స్థానిక జీవులకును అందించినదని 1995లో కనుగొనిరి. తన విద్యను ఇరుగుపొరుగునకు పంచిపెట్టిన ఆ యొంటికణపు జీవిని తలచినప్పుడెల్ల, విద్య తన సొత్తే యనుకొన్న ఉపాధ్యాయుడు నాకు జ్ఞాపకమునకు వచ్చును.

ఈ చెలిమియందు లెక్కయు కలదు. పని చేయక తిని కూర్చుండు చుట్టమును మొక్క ఓర్వదు. 2003లో శాస్త్రజ్ఞులు కొన్ని సోయా బుడిపెలకు నత్రజని లేని గాలి నిచ్చి, లోపలి జీవులు పని చేయలేని స్థితి కల్పించిరి. మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువును తగ్గించివేసెను. అందలి జీవుల సంతతి తక్కువయ్యెను. అట్లే మనము యూరియాను విశేషముగా కుమ్మరించినచో మొక్క బుడిపెలను కట్టుట తగ్గించును. ఊరక దొరకెడి దానికి వెల యిచ్చుట యెందులకు?

ఇక కథకు వత్తును. ఆనాడు ఆ యధికారి, "ఈ ఊరిలో సోయా బాగుగనున్న చేను వేరొకటి కలదా?" అని యడిగెను. ఊరి చివర నున్న ఆ బాలుని తండ్రి చేనికి పోయితిమి. పైరు మోకాలెత్తున నల్లని పచ్చదనముతో నిగనిగలాడుచుండెను. త్రవ్వి చూడగా వేళ్ళనిండ ఎర్రని బుడిపెలు. పొలము మట్టితో చీడపీడలును, కలుపు గింజలును రాగలవనియు, కావున పంట పేరు చూచి కొన్న పొడియే మేలనియు అధికారి చెప్పెను. కాని ఆ రైతు తలపులోని సత్యమును మెచ్చుకొనెను.

ఇంతలో ఆ బాలుడు నెత్తిన గడ్డిమోపుతో గట్టు మీద వచ్చుచు నన్ను చూచెను. మోపు దించి, "నమస్తే సార్" అని ప్రక్కకు ఒదిగి నిలిచెను. అతని కన్నులలో ఎగతాళి లేదు. మరల నేనేమందునో అన్న బెదురు మాత్రమే కలదు. ఆ బెదురును చూచినప్పుడు కలిగిన సిగ్గు తమ్ముని పైరు పాడైనప్పుడును నాకు కలుగలేదు.

మరునాడు తరగతిలో నేను పాఠము చెప్పలేదు. ఒక సోయా మొక్కను, ఒక పెసర మొక్కను బల్లపై నుంచి, జరిగినదంతయు చెప్పి, "ఈతడు చెప్పినది నిజము. నేను నవ్వినది తప్పు" అంటిని. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ బాలుని పిలిచి, తండ్రి మట్టిని ఎట్లు తెచ్చెనో, ఎట్లు చల్లెనో చెప్పుమంటిని. మొదట తడబడి, తరువాత ధారాళముగా చెప్పెను. ఆ గంటలో నేను వెనుక బల్లపై కూర్చుంటిని.

తమ్మునికి ఆ యేడు రెండెకరములలో ఏడు క్వింటాళ్ళు మాత్రమే వచ్చెను. అప్పు చేసి వేసిన యూరియా కొంత ఆదుకొన్నను నష్టము తీరలేదు. ఆ యప్పు నేను తీర్చితిని, అది న్యాయము. మరుసటి యేడు సోయా పేరున్న పొట్లమును తమ్ముడే స్వయముగా చదివి కొనెను. "అన్నా! ఈసారి నేనే చూచుకొందును" అని నవ్వెను. ఆ నవ్వుతో నా గుండెలోని బరువు సగము దిగెను.

విద్యార్థులారా! మీ ఊరి చేలలో పెసరయో, కందియో, పల్లియో ఉండును. పెద్దల యనుమతితో ఒక మొక్కను మెల్లగా త్రవ్వి, వేళ్ళను కడిగి చూడుడు. వేరు ప్రక్కన అంటుకొని, గోటితో నెట్టగనే ఊడివచ్చునది మేలు చేయు బుడిపె. వేరే ఉబ్బి ముడివడినచో అది నులిపురుగుల తెగులు. బుడిపెను చీల్చి రంగు చూడుడు. ఎర్రగా నున్నచో, మా అమ్మ చెప్పిన ముల్లెను మీరు విప్పినట్లే. ఆ పిదప మీ తరగతిలో వెనుక బల్లనుండి ఎవరైన లేచి వింత మాట చెప్పినచో నవ్వకుడు, ఎందుకని అడుగుడు. ఆ యొక్క మాట నేను సకాలమున అడుగనందుకే ఇంత కథ వ్రాయవలసివచ్చెను.